సారథి ఎవరివాడు?



ఆలయమునకు వచ్చు యువకులలో పెద్ద సంస్థలయందు ఉద్యోగము చేయువారు కొందరు ఈ మధ్య తఱచుగా ఒక ప్రశ్న వేయుచున్నారు. "స్వామీ, మా సంస్థవారు మాకు లీడర్‌షిప్ కోచ్ అని ఒకరిని ఏర్పాటు చేసినారు. అప్పుడప్పుడు ఆయనతో కూర్చుండి మా పనిని గూర్చి, మా స్వభావమును గూర్చి మాట్లాడవలెనట. దీనివలన నిజముగా ప్రయోజనము కలదా? మన శాస్త్రములలో ఇట్టిది ఏమైనా ఉన్నదా?" అని.

ఉన్నది. ఇట్టివాని వలన కలుగు ప్రయోజనమును మన పూర్వులు బాగుగ ఎఱుగుదురు. ఆ ప్రయోజనము ఎక్కడ చెడునో కూడ వారు ఎఱుగుదురు. ఈ రెండవదానిని నేడు ఎవరును చెప్పుట లేదు కనుకనే ఈ వ్యాసము.

ముందుగా ఆ మాటను చూడుడు. కోచ్ అనునది హంగేరీ దేశములోని ఒక గ్రామము పేరు. అచ్చట తయారైన గుఱ్ఱపు బండ్లు ఐరోపా అంతటను ప్రసిద్ధికెక్కగా ఆ బండికే ఆ పేరు నిలిచినది. 19వ శతాబ్ది పూర్వార్ధమున ఆక్స్‌ఫర్డు విద్యార్థులు తమను పరీక్ష గట్టెక్కించు ఉపాధ్యాయుని వేడుకకు ఆ బండి పేరుతో పిలువసాగిరి. పిదప అది క్రీడలకు, ఇప్పుడు కార్యాలయములకు వచ్చినది. వారు బండిని తలచిరి, మనవారు బండి తోలువానిని తలచిరి. భేదము అంతే.

భారతమున సారథులు ఇద్దఱు ప్రసిద్ధులు. మొదటివాడు పార్థసారథి. ఆయన ఆయుధము పట్టనని ముందే చెప్పెను. అర్జునుడు చేయవలసిన పనిని తాను చేయలేదు. అంత ఉపదేశము చేసి, చివరకు దీనినంతటిని చక్కగా విచారించి నీ ఇష్టము వచ్చినట్లు చేయుమనెను. నిర్ణయము అర్జునునిది, బాణము అర్జునునిది. రెండవవాడు మద్రరాజు శల్యుడు. అశ్వవిద్యలో కృష్ణునకు దీటైనవాడని కర్ణుడు కోరి అతనిని సారథిగా తెప్పించుకొనెను. శల్యుని నేర్పులో లోపము లేదు. కాని అతడు నకుల సహదేవుల మేనమామ. యుద్ధమునకు ముందే ధర్మరాజునకు మాట ఇచ్చినవాడు, కర్ణుని తేజస్సును హరింతునని. ఆ మాట నిలుపుకొని, రథము నడుపుచునే హంసతో పందెము వేసి సముద్రములో పడిన కాకి కథ చెప్పి కర్ణుని అవమానించెను. శల్యుడు చెప్పిన మాటలలో కొన్ని సత్యములే. అయినను అవి కర్ణునకు మేలు చేయలేదు, ఏలయన చెప్పినవాడు కర్ణునివాడు కాడు.

నన్నడిగిన యువకులకు నేను మొదట చెప్పునది ఇదియే. మీ కోచ్ విద్వత్తును తరువాత విచారింపుడు. ఆయన ఎవరివాడో ముందు తెలిసికొనుడు. మీరు ఆయనతో చెప్పుకొన్న బలహీనత మీ పై అధికారి చెవికి చేరునా? చేరునని తెలిసినచో మీరు నిజము చెప్పరు. నిజము చెప్పనివానికి వైద్యుడు కూడ ఏమియు చేయలేడు.

ఈ సంగతి కౌటిల్యునకు తెలియును. మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున శామశాస్త్రిగారు కనుగొని 1909లో అచ్చు వేయించిన అర్థశాస్త్రములో, మొదటి అధికరణముననే ఈ విషయము కలదు. ఒంటి చక్రముతో బండి కదలదు, రాజ్యమును అట్టిదే అని చెప్పి, రాజు తనను అపాయస్థానములనుండి వారింపగల ఆచార్యులనో అమాత్యులనో తనకు హద్దుగా నిలుపుకొనవలెనని ఆయన విధించెను. రాజు ఏమఱినప్పుడు నీడను, గడియను కొలిచి చూపి, ములుగోలతో పొడిచినట్లు వారు అతనిని హెచ్చరింపవలెను. ఎక్కడ? రహస్యముగా, ఏకాంతమున. సభలో పొడిచినచో రాజునకు కోపము మిగులును, బుద్ధి రాదు. నీడను, గడియను చెప్పుటలోను ఒక మర్మము కలదు. నీవు చెడ్డవాడవని అనుట వేఱు, నీకు నీవే నియమించుకొన్న వేళ దాటినదని చూపుట వేఱు. రెండవదానికి రాజు తలయొగ్గును.

ఇక మన తెలుగువారందఱు ఎఱిగిన కథ. శ్రీకృష్ణదేవరాయలు 1509లో పట్టమునకు వచ్చెను. ఆ పట్టమే సాళువ తిమ్మరుసు చలువ అని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. వీరనరసింహరాయలు మరణశయ్యపై నుండి, తన బాలునకు రాజ్యము దక్కవలెనని తమ్ముని కన్నులు తీయించుమని తిమ్మరుసును ఆజ్ఞాపించెను. తిమ్మరుసు మేక కన్నులు తెచ్చి చూపి కృష్ణరాయని కాపాడెను. రాయలు ఆయనను అప్పాజీ అనెను. ఆ తండ్రి తనమునకు తగినట్లే ఆయన రాయలను నడిపెను. తూర్పు దండయాత్రలో కొండవీడు 1515లో వశమైన సంగతి మంగళగిరి శాసనము నేటికిని చెప్పుచున్నది.

ఒక యువరాజును చక్రవర్తిగా చేయుటకు ఒక పెద్దవాని బుద్ధి ఎంత ఉపకరించునో చూపుటకు ఇంతకంటె ఉదాహరణము అక్కఱలేదు. కాని కథ ఇచ్చట ఆగలేదు. తిమ్మరుసు హితము చెప్పువాడుగా మాత్రమే ఉండలేదు. మంత్రి ఆయనయే, దండనాయకుడు ఆయనయే. కొండవీటి సీమను ఏలినది ఆయన మేనల్లుడు నాదెండ్ల గోపన. విజయనగరమును చూచిన పేస్ అను మఱియొక పోర్చుగీసువాడు, రాజగృహమంతయు ఈ వృద్ధుని ఆజ్ఞలో ఉన్నదనియు, ప్రభువులందఱు రాజు ఎడ వలెనే ఆయన ఎడ నడచుకొందురనియు వ్రాసెను. ఇది తిమ్మరుసు దోషమని నేను అనను. సామ్రాజ్యమునకు ఆయన అవసరము. అయితే దీని ఫలము రాయల ఇంట మహావిపత్తు వచ్చినప్పుడు కనబడినది.

రాయలు తన చిన్న కుమారుడు తిరుమలరాయని బ్రతికియుండగానే పట్టమున నిలిపెను. ఆ బాలుడు కొలదికాలమునకే మరణించెను. అది విషప్రయోగమనియు, తిమ్మరుసు కుమారుని పని అనియు రాయలు నమ్మెనని నూనిజ్ కథనము. అట్టి దుఃఖములో, అట్టి అనుమానములో ఉన్న రాజునకు ఏకాంతమున "ప్రభూ, ఆగుము, విచారింపుము" అని చెప్పవలసినవాడు ఎవడు? పదునైదేండ్లుగా ఆ పని చేసినవాడు ఒక్కడే. ఇప్పుడు అనుమానము ఆ ఇంటిపైననే. ఇక రాజు ఎవరిని అడుగును? తిమ్మరుసును చెఱలో ఉంచి, పిదప కన్నులు తీయించిరి. తిమ్మరుసు నిర్దోషి అని మన జనశ్రుతి. ఎవరి కన్నులను మేక కన్నులతో కాపాడెనో, ఆతని ఆజ్ఞతోనే తన కన్నులు పోయినవి. రాయలు 1529లో దివంగతుడయ్యెను.

అదే రాయలు తన ఆముక్తమాల్యదలో వేఱొక హితోపదేశకుని కథ చెప్పియున్నాడు. నాథమునుల మనుమడు యామునుడు పసివయస్సున పాండ్యుని సభలో వాదమున గెలిచి, రాజ్యమును పొంది, ఆ భోగములో మునిగిపోయెను. ఆయనను శ్రీవైష్ణవ దర్శనమునకు మరల్చు భారము శ్రీరామమిశ్రులపై పడినది. తమిళులు ఆయనను మణక్కాల్ నంబి అందురు. రాజద్వారమున ప్రవేశము లేదు. ఆయన ఫిర్యాదు చేయలేదు, లేఖ వ్రాయలేదు. రాజునకు ఇష్టమైన అలర్కశాకమును, తమిళుల తూదువళైని, ప్రతిదినము వంటశాలకు అందించెను. నెలలు గడిచినవి. ఒకనాడు మానివేసెను. భోజనమున కూర లేకపోగా రాజు అడిగెను, ఆ కూర ఎవరు తెచ్చుచుండిరి, ఏల మానిరి అని. అప్పుడు పిలుపు వచ్చినది.

ఏమి కావలెనని రాజు అడిగినప్పుడు, నాకేమియు వలదు, మీ తాతగారు దాచిన నిధి ఒకటి నాయొద్ద ఉన్నది, దానిని మీకు అప్పగింపవచ్చితిని అనెను. రాజ్యము విడువుమని అనలేదు. ఆ నిధి రెండు నదుల నడుమ ఉన్నదని చెప్పి వెంటబెట్టుకొని బయలుదేరెను. అడుగులు వేసినది యామునుడే. కావేరికిని కొల్లడమునకును నడుమ శ్రీరంగమున శేషశాయి ముందు నిలిచి, ఇదియే ఆ నిధి అని చూపెను. యామునుడు మరల రాజ్యమునకు పోలేదు. కావ్యమున రాయల ప్రసిద్ధ రాజనీతి అంతయు, ఈ యామునుడు సన్న్యసించుటకు ముందు కుమారునకు చేసిన ఉపదేశముగానే కూర్పబడినది. రాజ్యము విడిచిపోవువాని నోట రాజ్యము నడుపు విద్యను పలికించుటలో రాయలకు ఏమి అభిప్రాయమో పెద్దలు విచారింపవలెను. ఆ మాట చెప్పుటవలన అతనికి ఇక వచ్చునది ఏమియు లేదు.

వృద్ధాప్యమున యామునులు కంచికి వెళ్లి వరదరాజ సన్నిధిలో ఒక యువకుని చూచిరి. ఈ దర్శనమును నిలుపగలవాడు ఇతడే అని తెలిసికొనిరి. ఆ యువకుడు అప్పటికి వేఱొక గురువునొద్ద చదువుకొనుచుండెను. యామునులు పలుకరింపలేదు. అతనిని శ్రీరంగమునకు అనుగ్రహింపుమని వరదుని ప్రార్థించి, దూరమునుండి మఱియొకమాఱు చూచి వెనుదిరిగిరి. ఆ యువకుడు రామానుజులు.