పిల్లల ఆందోళన రుగ్మతలు: చరిత్ర

పిల్లల్లో, కౌమార వయసువారిలో భయం, బెంగ వయసుకు మించి పెరిగి, వారాలూ నెలలూ గడిచినా తగ్గక, చదువుకూ ఆటకూ నిద్రకూ అడ్డుపడితే దాన్ని ఆందోళన రుగ్మత అంటారు. ఏడెనిమిది నెలల బిడ్డ కొత్త ముఖం చూసి ఏడవడం, మూడేళ్ల పిల్ల చీకటికి జంకడం ఎదుగుదలలో భాగమే. పదేళ్లు వచ్చినా అమ్మ కనబడకపోతే ప్రాణం పోయినట్టు కావడం వేరు. ఈ తేడాకు వైద్యంలో ఒక పేరు దొరకడానికి చాలా కాలం పట్టింది.

పిల్లల దడుపు పాత వైద్యులకూ తెలుసు. హిప్పోక్రటీస్ పేరిట ఉన్న వైద్య సూత్రాల్లో పసిబిడ్డల జబ్బుల వరుసలో నిద్రలేమి, భయాలు కనిపిస్తాయి. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం పిల్లలను పీడిస్తాయని నమ్మిన తొమ్మిది బాలగ్రహాలను వర్ణించింది. మన ఇళ్లలో ‘పిల్లాడు జడుసుకున్నాడు’ అని తాయెత్తు కట్టించే అలవాటు నేటికీ పోలేదు. తాయెత్తుతో రుగ్మత నయం కాదు. అయినా ‘జడుసుకున్నాడు’ అన్నది బిడ్డ పడే బాధ నిజమేనని ఒప్పుకున్న మాట. ‘నాటకాలాడుతున్నాడు’ అనే మాటకన్నా ఎంతో దయగలది.

1909లో వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్, గుర్రం కరుస్తుందన్న భయంతో వీధిలోకి రాలేకపోయిన ఐదేళ్ల ‘లిటిల్ హాన్స్’ గురించి రాశాడు. ఎక్కువగా తండ్రి రాసి ఇచ్చిన వివరాల మీదే ఆధారపడి, ఆ భయానికి మూలం కుటుంబ బంధాల్లో ఉందన్నాడు. 1920లో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ బాల్టిమోర్‌లో భయాన్ని నేర్పించవచ్చని చూపారు. ‘లిటిల్ ఆల్బర్ట్’ అనే పసివాడు తెల్ల ఎలుకను తాకబోయినప్పుడల్లా వెనక నుంచి ఇనుప కడ్డీ మీద సుత్తితో మోదారు. కొన్నాళ్లకు వాడు కుందేలును చూసినా ఏడ్చాడు. ఆ భయాన్ని పోగొట్టకుండానే బిడ్డను పంపేశారు. ఇది క్షమించరాని పని.

పోగొట్టే దారి చూపింది మేరీ కవర్ జోన్స్. 1924లో ఆమె ప్రచురించిన కథనంలోని పీటర్ అనే పిల్లవాడికి మూడేళ్లు నిండలేదు, కుందేలంటే హడలు. వాడు ఎత్తు కుర్చీలో కూర్చుని ఇష్టమైనది తింటుండగా, పంజరంలో ఉన్న కుందేలును దూరాన పెట్టేవారు. వాడి తిండికి అడ్డురానంత మేరకే రోజురోజుకీ దగ్గరికి జరిపారు. అంతకుముందు వాడు జ్వరంతో ఆసుపత్రి పాలై, తిరిగి వచ్చేటప్పుడు పెద్ద కుక్క మీదికి దూకడంతో, అప్పటికి తగ్గిన భయం మళ్లీ మొదటికొచ్చింది. ఆమె విసుగుపడలేదు. చివరికి కుందేలు తన వేళ్లు కొరుకుతున్నా పీటర్ ఊరుకున్నాడు. నేటి చికిత్సకు బీజం ఇదే: భయపడేదాన్ని తప్పించుకుంటే భయం బలుస్తుంది, ఓపికగా మెట్టుమెట్టుగా దగ్గరైతే కరుగుతుంది. 1958లో జోసెఫ్ వోల్పే పుస్తకం వెలువడ్డాకే ఈ పద్ధతికి పెద్దల వైద్యంలో చోటు దొరికింది.

బడి విషయంలో మలుపు 1941లో వచ్చింది. సోమవారం పొద్దున కడుపునొప్పి, గేటు దగ్గర వాంతి, ఇంటికి తీసుకొస్తే గంటలో మామూలు. ఇలాంటి పిల్లలను బడిదొంగలని కొట్టడం అన్నిచోట్లా ఉన్నదే. అడిలైడ్ జాన్సన్, ఆమె సహచరులు ఈ స్థితికి ‘స్కూల్ ఫోబియా’ అని పేరు పెట్టి, ఊరు తిరగడానికి బడి ఎగ్గొట్టేవారి నుంచి వీరిని వేరుచేశారు. ఇక ఎడబాటు విషయానికొస్తే, జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో తల్లి ఎడబాటు బిడ్డను ఎంత కుంగదీస్తుందో వివరించాడు. ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ల పాపపై జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో తీసిన చిత్రం బ్రిటన్ ఆసుపత్రుల తలుపులు తల్లిదండ్రులకు తెరిపించడంలో తోడ్పడింది.

అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ 1980లో పిల్లల ఆందోళనకు విడిగా మూడు రుగ్మతలను చేర్చింది: ఎడబాటు ఆందోళన, కొత్తవారిని తప్పించుకోవడం, అతి ఆందోళన. 1994లో మొదటిది మాత్రమే విడిగా మిగిలింది. 2013లో ఇంట్లో గలగలా మాట్లాడి బడిలో నోరు మెదపని స్థితి కూడా ఆందోళన రుగ్మతల్లో చేరింది.

చికిత్సకు గట్టి రుజువు 1994లో దొరికింది. ఫిలడెల్ఫియాలో ఫిలిప్ కెండాల్ పిల్లల కోసం రూపొందించిన, ఆలోచనల తీరునూ ప్రవర్తననూ మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఆ ఏడాది పరీక్షలో నిలబడింది. 2008లో 7 నుంచి 17 ఏళ్ల 488 మందిపై జరిగిన అమెరికా అధ్యయనంలో 12 వారాల తర్వాత బాగా మెరుగైనవారు: థెరపీ, సెర్ట్రలిన్ మందు రెండూ అందినవారిలో సుమారు 81 శాతం, థెరపీ ఒక్కటే అందినవారిలో 60, మందు ఒక్కటే అందినవారిలో 55, ఉత్తుత్తి మాత్ర అందినవారిలో 24.

తెలుగు నేలపై ఈ చరిత్ర ఇంటర్ హాస్టళ్ల దాకా వచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో, వంద మంది లేదా అంతకు మించి చదివే విద్యాసంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయవద్దని మార్గదర్శకాలిచ్చింది. మీ ఇంట్లో ఏ బిడ్డయినా బడి పేరెత్తితే వణికిపోతుంటే బెత్తం తీయకండి, డాక్టరుకు చూపించండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.