ఇంటి సర్వర్ దానంతట అదే రీబూట్ అవుతోందా?

పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు దాచుకున్న లినక్స్ సర్వర్ రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడే రీబూట్ అవుతుంటే, అందరి అనుమానం నెట్‌వర్క్ స్టోరేజీ మీదికే పోతుంది. నేను మాత్రం ముందు లాగ్ చూడమంటాను.

ఎన్‌ఎఫ్‌ఎస్ అనేది సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చిన పద్ధతి. వేరే పెట్టెలోని ఫోల్డర్ మన సర్వర్‌లోదే అన్నట్టు కనిపిస్తుంది. హార్డ్ మౌంట్ అయితే, స్టోరేజీ నుంచి జవాబు వచ్చేదాకా ప్రోగ్రాం ఎదురుచూస్తూనే ఉంటుంది. అలా 120 సెకన్లు దాటితే కెర్నల్ లాగ్‌లో హెచ్చరిక రాయవచ్చు, మామూలుగా రీబూట్ మాత్రం చేయదు. అయితే 'ఇరుక్కుంటే ప్యానిక్', 'ప్యానిక్ అయితే రీబూట్' అన్న సెట్టింగులు రెండూ ఆన్‌లో ఉంటే రీబూట్ కావచ్చు. వాచ్‌డాగ్ టైమర్‌కు వేళకు కబురందకపోయినా అంతే.

లాగ్‌లో ఏ హెచ్చరికా లేకుండా చటుక్కున తెగిపోయిందా? అప్పుడు పవర్ సప్లై, వేడి, ర్యామ్ చూడండి. బ్యాకప్ సమయంలో డిస్కులు, ప్రాసెసర్ ఒకేసారి ఎక్కువ కరెంటు లాగుతాయి.

కొన్ని సర్వర్లలో లాగ్ మెమరీలోనే ఉండి, రీబూట్‌తో చెరిగిపోతుంది. దాన్ని లోపలి డిస్కులో నిలిచేలా మార్చండి, ఎన్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్‌లో మాత్రం పెట్టకండి. నెట్‌కన్సోల్ పెడితే కెర్నల్ చివరి సందేశాలు ఇంకో కంప్యూటర్‌కు చేరే అవకాశం ఉంటుంది.

తొందరపడి సాఫ్ట్ మౌంట్‌కు మారకండి. గడువు దాటితే రాత మధ్యలో ఆగి ఫైళ్లు పాడవచ్చు. బ్యాకప్ వేగం తగ్గించి చూడండి. వీటన్నిటికన్నా ముందు, ఫొటోల కాపీ ఒకటి విడి డిస్కులోకి తీసి పక్కన పెట్టండి.