బతుకమ్మ కథలో చోళులెక్కడ?

బతుకమ్మ వస్తోందంటే ఒక కథ మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. చోళులు వేములవాడ మీద దండెత్తి, రాజరాజేశ్వరుడి గుడి కూలగొట్టి, అక్కడి పెద్ద శివలింగాన్ని తంజావూరుకు తరలించారట. ఒంటరిగా మిగిలిన పార్వతిని ఓదార్చడానికి ఆడబిడ్డలు పూలను కొండలా పేర్చి ఆడారట. బతుకమ్మ అలా వెయ్యేళ్ల కింద పుట్టిందట. వేదికల మీద, బడిపిల్లల ప్రసంగాల్లో, పండుగ ప్రత్యేక సంచికల్లో ఇది కథగా కాక చరిత్రగా వినబడుతోంది.

తెలంగాణ గుండెలోని బాధకు అతికినట్టు సరిపోయే కథ ఇది. అందుకే ఇంకాస్త జాగ్రత్తగా పరీక్షించాలి.

బాన్సువాడ, మహమ్మద్ నగర్ ప్రాంతం వాళ్లకు వేములవాడ చాళుక్య రాజులు పరాయివాళ్లు కారు. ఆ చాళుక్యులు మొదట ఏలింది పక్కనే ఉన్న బోధన్ నుంచి. వాళ్ల పూర్వీకుడు యుద్ధమల్లుడు బోధన్‌లో నూనె నింపిన బావుల్లో ఏనుగులకు స్నానం చేయించేవాడని 966 నాటి పర్భణీ తామ్రశాసనం గొప్పగా చెబుతుంది. పంపకవిని ఆదరించిన రెండో అరికేసరి ఈ వంశం వాడే. ఆ తామ్రశాసనం తర్వాత ఈ వంశం చరిత్రలో కనబడదు. 973లో రాష్ట్రకూటులు కూలి కల్యాణి చాళుక్యులు పైకొచ్చారు. రాజరాజ చోళుడు గద్దెనెక్కింది 985లో. అంటే చోళుల దండయాత్ర నాటికి వేములవాడ ఒకప్పటి రాజధాని మాత్రమే.

చోళులు కల్యాణి చాళుక్యుల మీదికి వచ్చిన మాట నిజం. 1007 నాటి హొట్టూరు శాసనం, రాజరాజు కొడుకు రాజేంద్రుడి సైన్యం ఇప్పటి బీజాపూర్ వైపు దోనూరు దాకా వచ్చి చేసిన విధ్వంసాన్ని కోపంగా వర్ణించింది. రాజేంద్రుడి ప్రశస్తిలో మన కొలనుపాక కూడా గెలిచిన ఊళ్ల జాబితాలో ఉంది. కల్యాణి చాళుక్య రాజు సత్యాశ్రయుడి మీద గెలుపు తర్వాత రాజరాజు తంజావూరు గుడికి కానుకలిచ్చాడు. ఆ గుడి గోడలైతే ఒక పెద్ద ఖాతా పుస్తకమే. ఏ నగ ఎవరిచ్చారో, ఎంత బరువుందో చెక్కించారు. అంత లెక్కగా రాయించుకున్నవాళ్లు శత్రువు గుడి నుంచి తెచ్చిన మూలవిరాట్టును గర్వంగా చాటుకోకుండా ఉంటారా? వేములవాడ లింగం ప్రస్తావన అక్కడ లేదు. దెబ్బతిన్న చాళుక్యుల శాసనాల్లోనూ లేదు. 1010లో పూర్తయిన తంజావూరు గుడికి రాజరాజు తన పేరే పెట్టుకున్నాడు. రెండు చోట్లా దేవుడు రాజరాజేశ్వరుడే కావడంతో కథకు దారి సులువైందని నా అభిప్రాయం.

ఇంకా బలమైన సాక్ష్యం మన అమ్మమ్మల గొంతులోనే ఉంది. ఊరూరా పాడే పాటలో బతుకమ్మ తండ్రి ధర్మాంగదుడు చోళదేశపు రాజు. నూరుగురు కొడుకులు యుద్ధంలో చచ్చిపోతే, భార్య సత్యవతీ అతడూ చేసిన తపస్సుకు మెచ్చి లక్ష్మీదేవి కూతురై పుడుతుంది. చల్లగా బతకమని దీవించి ఆ బిడ్డకు పేరు పెడతారు. ఒక కథలో చోళులు మన దేవుణ్ణి ఎత్తుకుపోయినవాళ్లు. ఇంకో కథలో చోళరాజు మన తల్లికి కన్నతండ్రి. రెండూ చరిత్ర కాలేవు. రెండో దాన్ని ఎవరూ చరిత్ర అనలేదు, పాటగా పాడుకున్నారు. ఆ పాటలో నాకు కనబడేది రాజవంశం కాదు, పుట్టిన పిల్లలు దక్కని రోజుల్లో తల్లులు పడ్డ కడుపుకోత. దానికి శాసనాధారం అడగనక్కర్లేదు.

పండుగ వయసు గురించి పూలు కూడా కొంత చెబుతాయి. తంగేడు ఈ నేల చెట్టు, రాళ్ల బీళ్లలో నీళ్లు పోసేవాళ్లు లేకుండానే పూస్తుంది. గునుగు జొన్న చేలలో కలుపు. వానలు వెనకబట్టి, చెరువులు నిండి, ఇవి విరగబూసే వేళే బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస. పురోహితుడు, గుడి, మంత్రం లేకుండా ఆడవాళ్లే నడుపుకునే ఈ పండుగకు పంచాంగం కన్నా ముందు చేనే తేదీ చెప్పి ఉంటుంది. కానీ బంతి పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసువాళ్లు 1498లో సముద్రదారిన వచ్చాకే ఆ పువ్వు మన దేశంలో అడుగుపెట్టింది. సద్దులలో కలిపే పల్లీలు, సత్తుకు వేయించే మక్కలు కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. కాబట్టి ఇప్పుడు మనం పేరుస్తున్న బతుకమ్మ వెయ్యేళ్ల కిందటి రూపంలో అచ్చంగా ఉండే వీల్లేదు. దొరికిన కొత్త పువ్వునల్లా తాంబాళంలోకి తీసుకుంటూ వచ్చింది. వంటలోనూ అంతే. రొట్టె నలిపి బెల్లం, నెయ్యి కలిపిన మలీద పీర్ల పండుగకూ చేస్తారు, సద్దుల బతుకమ్మకూ చేస్తారు. ఆ రెండు పండుగలకూ ఒకే పొయ్యి మీద మలీద చేసిన ఇళ్లు తెలంగాణ పల్లెల్లో ఎన్నో.

మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ చుట్టుపక్కల పండుగ ముఖాన్నే మార్చింది. కాలువ నీళ్లు పారిన చోట జొన్న పోయి వరి, చెరుకు వచ్చాయి. జొన్నతో పాటే గునుగూ గట్లకు, మెట్ట చేలకు జరిగింది. ఇప్పుడు కట్టలు కట్టి, రంగుల్లో ముంచి అంగట్లో అమ్ముతున్నారు.

ఈమధ్య మరో మాట ప్రచారంలో ఉంది. ఈ పూలు చెరువు నీటిని శుద్ధి చేస్తాయని, పెద్దలు శాస్త్రం తెలిసే ఇలా పెట్టారని. పూలు నీళ్లలో కుళ్లేటప్పుడు ప్రాణవాయువును వాడుకుంటాయి. నిండు చెరువుకు నాలుగు తాంబాళాల పూలతో హాని లేదు, కానీ వాటిని మందుగా చూపించడం సరికాదు. అందం కోసం, ఆనందం కోసం ఆడవాళ్లు ఒక పని చేశారంటే చాలదా? దానికి ప్రయోగశాల ముద్ర ఎందుకు?

2014 జూన్‌లో ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. దక్కాల్సిన గౌరవమే అది. దాంతో పాటే ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, తొమ్మిది పేర్లు, తొమ్మిది నైవేద్యాల పట్టిక అంతటా స్థిరపడింది. నిజానికి చాలా ఊళ్లలో మొదటి రోజూ చివరి రోజూ మాత్రమే పెద్దగా ఆడేవాళ్లు. వేములవాడలో ఏడో రోజునే సద్దులు చేస్తారు. పట్టికకు ఒదగని ఇలాంటి ఆచారాలను తప్పుగా చూడటం మొదలైతే, అసలు చరిత్ర మన కళ్ల ముందే చెరిగిపోతుంది.

బిరుదురాజు రామరాజు 1950లలో జానపద గేయాల మీద పరిశోధన చేసేనాటికి ఈ పాటల్లో ఎక్కువ భాగం కాగితం ఎక్కలేదు. రజాకార్ల రోజుల పాటలు, కరువు పాటలు, ఉద్యమ పాటలు అన్నీ ఇదే ఉయ్యాల వరుసలో చేరాయి. మహమ్మద్ నగర్‌లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ డెబ్బై దాటిన అవ్వలను కూర్చోబెట్టి ఏ రోజు ఆడేవారు, ఏ పూలు తెచ్చేవారు, నిజాంసాగర్ కట్టకముందు తమ అత్తలు ఏ చెరువుకు వెళ్లేవారో అడిగి, ఊరి పేరు, తేదీ వేసి రాసి పెట్టే పని పండుగ సెలవుల్లో డిగ్రీ పిల్లలు చేయగలరు. ఈ పెత్రమాసకే మొదలుపెట్టొచ్చు.