రంగు పాతదే, పాత్ర కొత్తది

ఈ మధ్య మన పిల్లలు బొమ్మ రైళ్లు, బొమ్మ ఇంజన్లు అతికించి రంగులు వేయడం మొదలుపెట్టారు. ఒక్కో రంగు డబ్బా వేలెడంత ఉంటుంది, ధర మాత్రం తక్కువేమీ కాదు. రెండు నెలలకే అడుగున గట్టిపడిపోతోందట. వేరే డ్రాపర్ సీసాల్లోకి మార్చుకోవచ్చా అని అడిగారు. మార్చుకోవచ్చు. ఎలాగో చెప్పేముందు, రంగును ఎందులో దాచాలనే చిక్కు ఎంత పాతదో చెప్పుకుందాం. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నది. మాట ఎక్కడైనా తేడాగా ఉంటే సర్దుకోండి.

పూర్వం రంగు దుకాణంలో తయారుగా దొరికేది కాదు. రాయి, మట్టి, మసి, ఆకు, వీటినుంచే రంగు తీసేవారు. ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు అరిదళం, నీలానికి నీలిమందు, నలుపుకు దీపం మసి, తెలుపుకు సుద్ద. నూరి, జిగురు కలిపి, ఆ పూటకు కావలసినంతే తీసుకునేవారు. మన దేశపు సూక్ష్మచిత్రాల కళాకారులు రంగును ముత్యపుచిప్పల్లాంటి చిప్పల్లో పెట్టుకునేవారు. మామూలు పనికి కొబ్బరి చిప్ప చాలు. తమిళంలో దాన్ని కొట్టాంగుచ్చి అంటారు. చిప్పలో రంగు ఎండిపోయినా నష్టం లేదు. జిగురు నీళ్లలో కరిగేదే కాబట్టి రెండు చుక్కలు పోసి వేలితో రుద్దితే మళ్లీ లేచేది.

ఈ పేర్లలో మాకు ఇష్టమైనది అరిదళం. తమిళంలో అదే అరిదారం. నాటకాలవాళ్లు ముఖానికి పూసుకునే పసుపు అదే కావడంతో, తమిళంలో వేషానికి వేసే రంగునంతా అరిదారం అనడం అలవాటైంది. అయితే అరిదళంలో ఉన్నది పాషాణం, ఇంగిలీకంలో ఉన్నది పాదరసం. రెండూ విషాలే. పాత పద్ధతి అంతా మంచిదేనని అనుకోవడానికి లేదు.

మన దగ్గరే చూద్దాం. కర్ఖేలి నుంచి ధర్మాబాదు, అది దాటితే గోదావరి ఒడ్డున బాసర. అక్కడినుంచి భైంసా మీదుగా పోతే నిర్మల్. నిర్మల్ నకాషీవాళ్లు పొనికి కర్రతో పండ్లు, పక్షులు, జంతువులు చేస్తారు. కొండపల్లిలోనూ కర్ర అదే. రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముక్కలు అతుకుతారు, పైన సున్నం పూసి రంగు వేస్తారు. నిర్మల్‌లో పూర్వం ఖనిజాలు, మూలికలు, జిగుర్లతో రంగులు చేసుకునేవారు. తర్వాత డ్యూకో రంగులు వచ్చాయి. డ్యూకో అమెరికాలో 1920లలో మోటారు కార్ల కోసం డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన రంగు. కారుకు వేసిన మెరుపు నిర్మల్ పలకల మీదికీ చేరింది. నూరే శ్రమ తప్పింది, రంగు మూత బిగించిన డబ్బాలో వచ్చింది. దాంతో నూరడం తెలిసిన ఇళ్లూ తగ్గాయి.

యూరప్‌లో నూనె రంగుది ఇంకో కథ. అక్కడ నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తిలో పోసి దారంతో కట్టేవారు. వాడాలంటే సూదితో పొడవాలి. పొడిచిన కన్నం మళ్లీ సరిగా మూసుకోదు. లండన్‌లో ఉంటున్న అమెరికా చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ 1841లో తగరపు గొట్టానికి పేటెంట్ తీసుకున్నాడు. నొక్కితే కావలసినంత వస్తుంది, మిగిలినదానికి గాలి తగలదు. చిత్రకారులు రంగుల పెట్టె పట్టుకుని పొలాల్లోకి వెళ్లి బొమ్మ వేయడం ఆ గొట్టం వల్ల సులువైంది. ఈ రోజు మనం వాడే టూత్‌పేస్ట్ గొట్టం కూడా ఆ వంశమే.

బొమ్మ నమూనాలకు మొదట పేరు పొందినవి ఇంగ్లండులోని హంబ్రోల్ వారి 14 మి.లీ. ఎనామిల్ డబ్బాలు. తర్వాత నీటితో కలిసే యాక్రిలిక్ వచ్చింది. సిటాడెల్ వారిది 12 మి.లీ. డబ్బా, మూత పైకి తెరుచుకుంటుంది. అంచున రంగు పేరుకుంటే మూత బిగియదు, సందులోంచి గాలి పోతుంది. యాక్రిలిక్‌తో వచ్చిన కష్టం ఏమిటంటే, ఒకసారి ఎండితే నీళ్లు పోసినా లేవదు. చిప్పలోని రంగుకు ఉన్న ఆ సౌకర్యం దీనికి లేదు. స్పెయిన్ కంపెనీ వయేహో 17 మి.లీ. చుక్కల సీసాల్లో అమ్మి పేరు తెచ్చుకుంది. తక్కిన రంగులను కూడా అలాంటి సీసాల్లోకి మార్చుకునే అలవాటు దాన్ని చూసే పెరిగింది.

ఇక మార్చే పద్ధతి. ముందు పాత డబ్బాను బాగా కదిపి, అడుగున దిగినదాన్ని పుల్లతో కలపాలి. గట్టి పెళ్లలు ఉంటే తీసేయాలి, లేకపోతే సన్న ముక్కుకు అడ్డం పడతాయి. కింద పళ్లెం పెట్టుకుని చిన్న గరాటుతోనో పిల్లర్‌తోనో పోయాలి. డబ్బా గోడలకు అంటుకున్నదాన్ని కొద్ది నీళ్లతో కడిగి అందులోనే కలపవచ్చు. నీళ్లు ఎక్కువైతే రంగు పట్టదు, చుక్కలు చుక్కలుగానే పోయాలి. లోపల ఒక స్టెయిన్‌లెస్ స్టీలు గుండు గానీ గాజు పూస గానీ వేస్తే కదిపినప్పుడు రంగు కలుస్తుంది. మామూలు ఇనుప గుండు తుప్పు పట్టి రంగును చెడగొడుతుంది. ఇదంతా నీటి రంగులకే. ఎనామిల్‌ను మెత్తటి ప్లాస్టిక్ సీసాలో పోయకండి. అందులోని ద్రావకానికి ప్లాస్టిక్ పాడవుతుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. వాడేసిన కంటి చుక్కల మందు సీసాలో రంగు పోయడం ఏ ఇంట్లోనూ జరగకూడదు. చూపు మందగించిన తాతలు, అవ్వలు మన ఇళ్లలో ఉన్నారు. అది మందే అనుకుని కంట్లో వేసుకుంటే ఎవరేం చేయగలరు? కొత్త సీసాలు కొనండి, మందుల అరకు దూరంగా పెట్టండి. రెండోది, పాత ఇంటి రంగుల డబ్బాలు పిల్లలకు ఇవ్వవద్దు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు దాటకూడదని మన దేశంలో నిబంధన అమలైంది 2017 నవంబరు 1 నుంచే. అంతకు ముందు డబ్బాలో ఏముందో పైకి చూసి చెప్పలేం.

అన్నిటికన్నా ముఖ్యం చీటీ. ఇది రైల్వేలో గుమాస్తాగిరీ చేసినవాళ్లం చెప్పే మాట. మన సికింద్రాబాద్-మన్మాడ్ లైను నిజాం కాలంలో, 1900 ప్రాంతంలో, మీటర్ గేజ్‌గా వేశారు. ఆ చివర మన్మాడ్‌లో పెద్ద గేజ్, ఈ చివర సికింద్రాబాదులోనూ పెద్ద గేజ్. గేజ్ మారిన చోట సరుకంతా ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎక్కించాలి. అలా చేతులు మారేటప్పుడు బస్తా చిరిగితే కొంత పోతుంది, చీటీ ఊడితే మొత్తం పోయినట్టే. సరుకు కళ్లెదుటే ఉంటుంది, ఎవరిదో తెలియదు. అందుకే పార్సిల్ బుక్ చేసేటప్పుడు పాత గుర్తులు చెరిపి, కొత్తవి స్పష్టంగా రాయమనేవాళ్లం. రంగు సీసాకూ అంతే. పోసిన వెంటనే కంపెనీ, రంగు పేరు, నంబరు, మార్చిన తేదీ రాసి, మూత మీద అదే రంగు చుక్క పెట్టండి. రేపు రాద్దామనుకుంటే మూడు ఎరుపుల్లో ఏది ఏదో తెలియదు.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైంది. నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. కర్ఖేలి కదల్లేదు, ఇళ్లలో తెలుగూ పోలేదు. కానీ పిల్లల బడి మారింది, చదివే అక్షరం మారింది. అరిదళం, ఇంగిలీకం అంటే ఏ రంగో ఈ రోజు ఎంతమంది పిల్లలు చెప్పగలరు? మేము తెలుగు బడికి వెళ్లకుండానే ఈ మాటలు నేర్చుకున్నాం, ఎందుకంటే ఇంట్లో పెద్దలు వాడేవారు.

కాబట్టి సభ్యులకు ఒక కోరిక. పిల్లల సీసాల మీద కంపెనీ పేరు పక్కనే తెలుగు పేరు కూడా రాయించండి. వంగపండు రంగు, చిలకపచ్చ, ఇటుకరంగు, గోరింట ఎరుపు, ఇలా. మీ అమ్మమ్మ, నాయనమ్మ చెప్పే రంగుల పేర్లు ఇంకేమైనా ఉంటే రాసి పంపండి. అన్నీ కలిపి సంఘం తరఫున ఒక పట్టిక చేద్దాం. సీసాలు మళ్లీ మారతాయి, ఆ పట్టిక మాత్రం పిల్లల దగ్గర ఉండాలి.