బడి ఈడు: ముహూర్తం నుంచి పరీక్ష దాకా

మూడు, నాలుగేళ్ళ బిడ్డను ప్రీస్కూలుకు పంపవచ్చునా అన్నది అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఏటా ఎదురయ్యే ప్రశ్న. తల్లిని విడిచి కొన్ని గంటలు ఉండగలడా, మరుగుదొడ్డి అలవాటైందా, చెప్పిన మాట అర్థం చేసుకుంటాడా అని బడివారు అడుగుతారు. బడికి తగిన పక్వత పిల్లలోనే ఉంటుందనీ, దానిని కొలవవచ్చుననీ ఈ ప్రశ్నల వెనుక ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకం అంత పాతదేమీ కాదు.

మన సంప్రదాయంలో బడి ఈడును నిర్ణయించినవి వయస్సు, సంస్కారం, ముహూర్తం. కౌటిల్యుని అర్థశాస్త్రం రాజకుమారునికి చౌలకర్మ అయిన పిమ్మట లిపినీ, లెక్కలనూ నేర్పమంటుంది. వీధిబడుల విషయంలో ఇంతకంటే వివరమైన సాక్ష్యం బళ్ళారి కలెక్టరు ఎ.డి. కేంబెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన కేంబెల్ ఈయనే. ఆయన వర్ణన ప్రకారం బిడ్డకు ఐదేళ్ళు రాగానే పంతులునూ, బడిపిల్లలనూ ఇంటికి పిలుస్తారు. అందరూ గణపతి ప్రతిమ చుట్టూ కూర్చుంటారు. పంతులు బిడ్డచేత ప్రార్థన పలికించి, వేలు పట్టుకొని బియ్యంలో దైవనామం రాయిస్తాడు. మర్నాటి నుంచి చదువు మొదలు.

ఈ తంతులో బిడ్డకు పరీక్ష ఏదీ లేదు. అంతేకాదు, బిడ్డ బడికి వెళ్ళడానికి ముందు బడే బిడ్డ ఇంటికి వచ్చింది. పంతులు ముఖం, తోటిపిల్లల ముఖాలు ముందుగానే పరిచయమయ్యాయి. అయితే దీనిని చూసి మురిసిపోనక్కరలేదు. అదే నివేదిక ప్రకారం 9,27,857 మంది జనాభా గల ఆ జిల్లాలో బడులు 533, విద్యార్థులు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది మాత్రమే. పిల్లలను గడప దగ్గర పరీక్షించవలసిన అవసరం రాలేదంటే, వడపోత అంతకు ముందే ముగిసిందన్నమాట.

అమెరికాలో చిన్నపిల్లల బడి వలసవచ్చినవారి వెంట వచ్చింది. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1840లో జర్మనీలో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఆటలబడిని, మార్గరెత్ షుర్జ్ 1856లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్‌లో నెలకొల్పింది. ఆ దేశపు తొలి కిండర్‌గార్టెన్‌గా పేరుపొందిన ఆ బడి జర్మన్ భాషలో నడిచింది. ఆ పిల్లలు బడికి తగినవారా కారా అన్నదానికి ఇంగ్లీషు కొలమానం కాలేదు. 1873లో సెయింట్ లూయిస్ నగరం కిండర్‌గార్టెన్‌ను ప్రభుత్వ బడులలో చేర్చింది. చిన్నపిల్లల బడి క్రమంగా అందరిదీ అయ్యేకొద్దీ, ఎవరిని ఎప్పుడు చేర్చుకోవాలన్న ప్రశ్న బలపడింది.

ఆ ప్రశ్నకు శాస్త్రం పేరిట సమాధానం చెప్పినవాడు ఆర్నాల్డ్ గెసెల్. 1911లో యేల్ విశ్వవిద్యాలయంలో శిశు పరిశోధనాలయం ప్రారంభించి, పిల్లల ఎదుగుదలను చలనచిత్రాలలో నమోదు చేశాడు. 1929లో ప్రకటించిన ప్రయోగంలో కవల ఆడశిశువులలో ఒకరికి 46వ వారం నుంచి ఆరు వారాలపాటు మెట్లెక్కడం నేర్పాడు. రెండవ శిశువుకు 53వ వారం నుంచి రెండు వారాలే నేర్పినా, దాదాపు మొదటి శిశువుతో సమానంగా ఎక్కగలిగింది. తొందరపెట్టి ప్రయోజనం లేదు, పక్వత తనంతట తానే రావాలి అన్నది ఆయన సిద్ధాంతం. ఆయన శిష్యులు ఫ్రాన్సిస్ ఇల్గ్, లూయీస్ బేట్స్ ఏమ్స్ 1960లలో దీనిని బడి ప్రవేశ పరీక్షగా ప్రచారం చేశారు. వృత్తం, శిలువ గుర్తు, చతురస్రం, త్రిభుజం చూసి గీయడం, అసంపూర్ణమైన మనిషి బొమ్మను పూర్తిచేయడం అందులోని భాగాలు. ఫలితం చాలకపోతే ఒక ఏడాది ఆగమనేవారు.

ఈ పద్ధతిలో రెండు లోపాలున్నాయి. గెసెల్ ప్రమాణాలకు ఆధారమైన పిల్లలు ప్రధానంగా న్యూ హేవెన్ పరిసరాల మధ్యతరగతి శ్వేతజాతి కుటుంబాలవారు; అక్కడి సగటు అందరికీ ప్రకృతి నియమమైపోయింది. రెండవది, ఆగినందువల్ల కలిగే మేలు. కిండర్‌గార్టెన్‌లో అదనంగా ఒక ఏడాది ఉంచిన పిల్లలు, అటువంటివారే అయి ముందుకు వెళ్ళిన పిల్లలకంటే చదువులో చెప్పుకోదగినంత మెరుగుపడలేదని లోరీ షెపర్డ్, మేరీ లీ స్మిత్ 1980లలో చూపారు. 1990లో అమెరికా శిశువిద్యావేత్తల జాతీయ సంఘం, వచ్చిన పిల్లలకు తగినట్లు సిద్ధపడవలసిన బాధ్యత బడులదేనని ప్రకటించింది.

ప్రవాసంలో ఈ చర్చ మనకు నేరుగా తగిలేది భాష దగ్గర. ఇంట్లో తెలుగులో గలగలా మాట్లాడే బిడ్డ ఇంగ్లీషు తరగతిలో కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు మౌనంగా ఉండవచ్చు. రెండవ భాషను వింటూ కూడబెట్టుకునే ఈ దశ పరిశోధకులకు సుపరిచితమే. దానిని ఎదుగుదల లోపంగా లెక్కిస్తే, కొలిచేది బిడ్డను కాదు, కొలిచేవారి భాషను. బిడ్డకు మాట ఆలస్యమైందా అన్నది తెలుగులో చూసి తేల్చవలసిన విషయం. తెలుగులోనూ మాటలు రాకపోతే వైద్యుల సలహా తీసుకోవడంలో జాప్యం పనికిరాదు. తెలుగు బాగా వచ్చిన బిడ్డకు ఇంగ్లీషు కోసం ఇంట్లో తెలుగు మానిపించనక్కరలేదు.

బళ్ళారి పంతులు వయస్సును నమ్మాడు, గెసెల్ పక్వతను నమ్మాడు. వయస్సు స్థూలమైన హద్దు మాత్రమే. పక్వత బిడ్డ ఉన్న చోటునుబట్టి, ఎదుటి మనిషినిబట్టి మారి కనిపిస్తుంది. కనుక బడివారి ప్రశ్నలకు జవాబిచ్చే తల్లిదండ్రులు తామూ కొన్ని అడగాలి. ఏడ్చే బిడ్డను ఎవరు ఎత్తుకుంటారు? మాట్లాడని బిడ్డతో ఎలా మాట్లాడతారు? దాహం, ఆకలి, అమ్మ అనే మూడు తెలుగు మాటలు నేర్చుకుంటారా? బిడ్డ సిద్ధంగా ఉన్నాడా అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.