గడప ముందు ఎరువు కుప్ప: లిమరిక్, ఇండోర్, కూనూరు

పంతొమ్మిదవ శతాబ్దం తొలి సగంలో ఐర్లండు పల్లెల్లో తిరిగిన ఇంగ్లీషు యాత్రికుల రాతల్లో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. మట్టిగోడల గుడిసె, దానిపైన గడ్డి కప్పు, గుమ్మానికి ఎదురుగా ఎరువు కుప్ప. యాత్రికుల దృష్టిలో ఆ కుప్ప సోమరితనానికీ అపరిశుభ్రతకూ గుర్తు. ఇంటివాళ్ళకు మాత్రం అది వచ్చే ఏటి తిండి.

అదే ఐర్లండులో, షానన్ నది ఒడ్డున ఉన్న లిమరిక్‌లో, ఈనాడు ఇంటి వెనక కంపోస్టు పెట్టె ఉండటం బాధ్యత గల పౌరుడి లక్షణంగా చెల్లుతోంది. కుప్పలో పడే పదార్థం పెద్దగా మారలేదు. అప్పుడూ ఇప్పుడూ కుళ్ళేది గడ్డీ ఆకులూ తొక్కలే. మారినది దాని పరువు. ఒకప్పుడు జీవనాధారమైన కుప్ప తరువాత చట్టం దృష్టిలో నేరమై, ఆ తరువాత సుగుణంగా మారింది. ఈ రెండు మలుపుల్లోనూ వైద్యుల చేయి ఉంది. రెండవ మలుపు చాలావరకు భారతదేశంలో జరిగింది, అందులో ఒక తెలుగు రసాయన శాస్త్రజ్ఞుడి పాత్ర కూడా ఉంది.

కుప్పే పెట్టుబడి

1841 జనాభా లెక్కల ప్రకారం లిమరిక్ కౌంటీలో 3,30,029 మంది ఉండేవారు. కౌంటీలోని సారవంతమైన పచ్చికభూములు పాడికీ వెన్న వ్యాపారానికీ పేరుపొందినవి. అయితే అవి పెద్ద రైతుల చేతుల్లో ఉండేవి. కూలీకి దక్కేది ఒక్క పంటకాలానికి కౌలుకు తీసుకునే చిన్న చెక్క. ఐర్లండులో ఆ కౌలును కొనేకర్ అనేవారు. ఎరువు వేసి సిద్ధం చేసిన నేలకు కౌలు ఎక్కువ. కూలీ తన సొంత ఎరువు తెచ్చి వేస్తే, చాలాచోట్ల ఆ ఏడాది బంగాళాదుంప వేసుకోవడానికి రైతు నేలను ఉచితంగానే ఇచ్చేవాడు, ఎందుకంటే ఆ ఎరువు సారం మరుసటి ఏడాది రైతు వేసే ధాన్యపు పంటకు మిగిలేది. అంటే గడప ముందున్న కుప్పే కూలీకి పెట్టుబడి. ఇంటి పంది అమ్ముడుపోతే అద్దె గడిచేది, దాని పెంటతో దుంప పండేది. పచ్చిక మీద ఎరువు పరచి, దానిపై విత్తనపు దుంపలు పేర్చి, రెండు పక్కల నుంచి మట్టిగడ్డలు తవ్వి కప్పి బోదెలు చేసేవారు. వానలు ఎక్కువగా కురిసే చల్లని నేలలో నీరు పక్క కాలువల్లోకి దిగి, దుంప కుళ్ళకుండా నిలిచేది.

తెలుగు పల్లెలకు ఈ లెక్క కొత్తది కాదు. పెంటపోగు అన్నా, దిబ్బ అన్నా, ఉత్తరాంధ్రలో గత్తం అన్నా, దానికి రైతు ఇంట సంపదగానే విలువ. గొర్రెల కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చి రాత్రిపూట చేలో మంద కట్టించుకునే ఆచారం, ఎరువుకు ధర ఉందని కూలీకీ రైతుకీ ఒకేలా తెలిసిన సమాజంలోనే పుడుతుంది.

1845లో బంగాళాదుంపకు తెగులు సోకింది. వరుసగా పంటలు పోవడంతో, తిండి పెట్టలేక పందులను అమ్ముకున్నారు, కోసుకు తిన్నారు. 1841తో పోల్చితే 1847 నాటికి దేశంలో పందుల సంఖ్య సగానికన్న తక్కువైంది. పంది లేని ఇంట ఎరువు లేదు, ఎరువు లేనివాడికి నేల లేదు. 1851 నాటికి లిమరిక్ కౌంటీ జనాభా 2,62,132కు పడిపోయింది. తెగులు పంటను కొట్టింది, ఆకలి పంట వెనక ఉన్న కుప్పను కూడా కరిగించింది.

దోషిగా నిలబెట్టినవారు

ఆ కుప్ప మీద వైద్యుల అనుమానం కరువుకు ముందే మొదలైంది. 1832లోనూ మళ్ళీ 1849లోనూ కలరా లిమరిక్‌ను పట్టి కుదిపింది. రోగం దుర్వాసన నుంచి, కుళ్ళిన పదార్థపు ఆవిరి నుంచి పుడుతుందని నాటి వైద్యం నమ్మింది. ఆ నమ్మకం ప్రకారం గుమ్మం ముందున్న ఎరువు కుప్పే మొదటి ముద్దాయి. 1848 నాటి ఉపద్రవ నివారణ చట్టం, 1878 నాటి ఐర్లండు ప్రజారోగ్య చట్టం ఇళ్ళ దగ్గర పేరుకున్న చెత్తనూ పెంటనూ తొలగించే అధికారాన్ని స్థానిక సంస్థల చేతికిచ్చాయి.

ఆ వైద్యులు సిద్ధాంతంలో పొరబడ్డారు. కలరా వాసనతో రాదు, మలం కలిసిన నీటితో వస్తుందని లండనులో జాన్ స్నో 1854లో చూపాడు. కరువునాటి టైఫస్‌ను మోసుకెళ్ళింది పేలు. అయినా ఆచరణలో వారు పూర్తిగా తప్పని అనలేము. పచ్చి పెంటలో రోగకారక బాక్టీరియా, నులిపురుగుల గుడ్లు ఉంటాయి, ఈగలు దానిపైనే పెరుగుతాయి, వానకు దాని ఊట పక్కనున్న బావిలోకి దిగుతుంది. కుప్పను గడప నుంచి దూరం చేయడం వల్ల ప్రాణాలు దక్కాయి.

అయితే దానికి మూల్యం కూడా చెల్లించవలసి వచ్చింది. చెలక నుంచి వచ్చినది చెలకకు తిరిగివెళ్ళే దారి మూసుకుపోయింది. లిమరిక్ నగరపు మురుగు చాలాకాలం షానన్ నదిలోకే పోయింది. నేలకు కావలసిన పోషకం ఓడలపై పెరూ గువానోగానూ, తరువాత కర్మాగారాల్లో తయారైన ఎరువుగానూ రాసాగింది. పారిశుద్ధ్యమూ నేల సారమూ ఒకదానికొకటి ఎదురు నిలబడ్డాయి. రెండింటినీ కలిపే మార్గం ఏమిటన్న ప్రశ్నకు తొలి స్పష్టమైన జవాబుల్లో ఒకటి మాళ్వా పీఠభూమి నుంచి వచ్చింది.

ఇండోర్ జవాబు

ఆల్బర్ట్ హోవర్డ్ 1905లో పూసా పరిశోధనాలయంలో వృక్షశాస్త్రజ్ఞుడిగా చేరాడు. 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లోని వృక్ష పరిశ్రమ సంస్థను నడిపాడు. పత్తి మోళ్ళు, చెరకు చెత్త, కలుపు మొక్కలు, ఎండుటాకులు వృథాగా పోవడమూ, పేడలో పెద్ద భాగం పిడకలై పొయ్యిలో కాలడమూ అతడు చూశాడు. కొద్ది పేడతో ఎక్కువ చెత్తను ఎరువుగా మార్చే పద్ధతిని అక్కడ రూపొందించారు. 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల లోతు తక్కువ గోతుల్లో పంట చెత్త, పేడ, పశువుల మూత్రం పీల్చిన మట్టి, కట్టెల బూడిద పొరలుగా వేసి, తడిపి, మధ్యమధ్య తిరగేస్తే మూడు నెలల్లో ఎరువు సిద్ధమయ్యేది. ఈ పద్ధతిని వివరించిన 1931 నాటి పుస్తకం హోవర్డ్ ఒక్కడిది కాదు. దానిపై సహరచయితగా యశ్వంత్ వాడ్ పేరుంది.

ఇందులో వైద్యానికి సంబంధించిన అసలు విషయం వేడి. కర్బనం, నత్రజని సుమారు 30:1 పాళ్ళలో ఉండి, తేమా గాలీ తగినంత అందితే, సూక్ష్మజీవులు విజృంభించి కుప్ప లోపలి ఉష్ణోగ్రతను 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళతాయి. ఆ వేడి కొన్ని రోజులు నిలిస్తే రోగకారక క్రిములు, నులిపురుగుల గుడ్లు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. తిరగేయడం ఎందుకంటే, అంచున చల్లగా ఉన్న భాగం మధ్యకు చేరి తానూ వేడెక్కడానికి. పంతొమ్మిదవ శతాబ్దపు వైద్యుడు కుప్పను తీసేయమన్నాడు. ఇండోర్ పద్ధతి ఆ కుప్పే తనను తాను శుద్ధి చేసుకునేలా చేసింది. తరువాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సి. ఎన్. ఆచార్య, పట్టణపు చెత్తనూ మలాన్నీ పొరలుగా పూడ్చి, తిరగేసే పని లేకుండా ఎరువు చేసే బెంగుళూరు పద్ధతిని రూపొందించాడు.

ఐరిష్ వైద్యుడు, తెలుగు రసాయనజ్ఞుడు

అదే కాలంలో నీలగిరుల్లోని కూనూరులో మరో ప్రశ్న నడుస్తోంది. రాబర్ట్ మెకారిసన్ 1878లో ఐర్లండులోని పోర్టడౌన్‌లో పుట్టి, బెల్‌ఫాస్టులో వైద్యం చదివి, ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరినవాడు. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై అతడు ఆరంభించిన చిన్న పరిశోధన విభాగం క్రమంగా పోషకాహార పరిశోధనాలయంగా ఎదిగింది. 1958లో అది హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

తిండిలో లోపం రోగానికి కారణమైతే, నేలలో లోపం తిండిలోకి దిగుతుందా అన్నది మెకారిసన్ సందేహం. దాన్ని పరీక్షించడానికి వైద్యుడు ఒక్కడు చాలడు, ఎరువుల రసాయన శాస్త్రం తెలిసినవాడు కావాలి. ఆ పని కోయంబత్తూరులో వ్యవసాయ రసాయనజ్ఞుడిగా ఉన్న భాగవతుల విశ్వనాథ్‌తో కలిసి జరిగింది. విశ్వనాథ్ తరువాతి కాలంలో ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధనా సంస్థకు డైరెక్టరయ్యాడు. ఎరువును బట్టి చిరుధాన్యం, గోధుమల పోషక విలువ ఎలా మారుతుందో చూపుతూ ఇద్దరి పేర్లతో 1926లో ఒక వ్యాసం వెలువడింది. ప్రయోగశాల జంతువులకు ఆ ధాన్యాలు పెట్టి చూస్తే, పశువుల ఎరువుతో పండినవి రసాయనిక ఎరువుతో పండినవాటికన్న మెరుగ్గా కనిపించాయి.

1939 మార్చిలో చెషైర్ కౌంటీ కుటుంబ వైద్యుల కమిటీ క్రూ పట్టణంలో సభ జరిపి, తమ రోగుల అనారోగ్యానికి తిండికీ నేలకూ ఉన్న సంబంధాన్ని ప్రకటన రూపంలో చర్చకు పెట్టింది. ఆ వేదికపై హోవర్డ్, మెకారిసన్ ఇద్దరూ మాట్లాడారు. తొంభై ఏళ్ళ క్రితం వైద్యులు దూరం చేసిన కుప్పను వైద్యులే మళ్ళీ దగ్గరకు పిలిచారు. 1943లో ఈవ్ బాల్ఫర్ పుస్తకం, 1946లో సాయిల్ అసోసియేషన్ ఆ ఆలోచనను ముందుకు తీసుకెళ్ళాయి. ఐర్లండులో సేంద్రియ రైతుల సంఘం 1982లో ఏర్పడింది.

ఇక్కడ ఒక హద్దు గీయాలి. 1926 నాటి ఫలితం జంతువులపై చేసిన చిన్న ప్రయోగాలది. సేంద్రియ ఆహారం మనుషులకు ఎక్కువ పోషకమిస్తుందా అన్న ప్రశ్నపై 2009లో లండను పరిశోధకుల సమీక్ష చెప్పుకోదగ్గ తేడా లేదంది. 2014 నాటి మరో సమీక్ష సేంద్రియ పంటల్లో యాంటీఆక్సిడెంట్లు ఎక్కువని చెప్పింది. తీర్పు ఇంకా నిలకడగా లేదు. కంపోస్టు నేల నిర్మాణాన్నీ తేమ పట్టే గుణాన్నీ మెరుగుపరుస్తుందన్న దానిలో మాత్రం వివాదం లేదు.

మళ్ళీ లిమరిక్

లిమరిక్ ప్రాంతపు వార్షిక వర్షపాతం దాదాపు వెయ్యి మిల్లీమీటర్లు, ఆంధ్రప్రదేశ్ సగటుకు దగ్గరే. తేడా అంతా పంపకంలో ఉంది. అక్కడ చాలావరకు కొన్ని నెలల్లోనే కురిసేది ఇక్కడ పన్నెండు నెలలూ తుంపరగా కురుస్తుంది. ఇండోర్‌లోనూ వానాకాలంలో గోతులు నీటితో నిండి గాలి ఆడదని నేలపైనే కుప్ప వేసేవారు. ఆ వానాకాలపు కుప్పే లిమరిక్‌కు ఏడాది పొడవునా సరిపోయే నమూనా. నేల మీద కొమ్మలు పరచి, వాటిపై కుప్ప పేర్చి, పైన కప్పు వేయాలి. కోసిన పచ్చగడ్డి, కూరల తొక్కలు, టీ పొడి ఒక వంతు వేస్తే, ఎండుటాకులు, చింపిన అట్టపెట్టెలు రెండు మూడు వంతులు పడాలి. కోసిన గడ్డి ఒక్కటే పోస్తే గాలి ఆడక జిగటై కంపు కొడుతుంది.

కుప్ప కనీసం ఘనమీటరు ఉండకపోతే వేడి నిలవదు. పెరటి పెట్టెలు చాలావరకు ఈ పరిమాణానికి చేరవు, కాబట్టి హోవర్డ్ కుప్ప చేసిన శుద్ధి వాటిలో జరుగుతుందని అనుకోకూడదు. అందుకే కుక్క, పిల్లి మలం, మాంసం, వండిన అన్నం అందులో వేయకూడదు. వండిన పదార్థం ఎలుకలను కూడా పిలుస్తుంది. వాటి దారి వేరు: 2013 నాటి నిబంధనలతో ఐర్లండులో ఇళ్ళ ఆహార వ్యర్థాలను వేరుగా సేకరించే గోధుమరంగు డబ్బాలు వచ్చాయి. అలాంటి వ్యర్థాలకు ఐరోపా ప్రమాణం 70 డిగ్రీల వద్ద ఒక గంట. తెగులు సోకిన బంగాళాదుంపలను కూడా పెరటి కుప్పలో వేయరాదు. బతికున్న దుంపలో 1845 నాటి తెగులు జీవి చలికాలం గడిపి, వసంతంలో మళ్ళీ లేస్తుంది. కంపోస్టులోనూ కుండీ మట్టిలోనూ పెరిగే లెజియొనెల్లా లాంగ్‌బీచే అనే బాక్టీరియా న్యుమోనియా తేగలదు. అందువల్ల ఎరువును కొంచెం తడిపి, ధూళి లేవకుండా, చేతులకు తొడుగులతో కలపడం, తరువాత చేతులు కడుక్కోవడం మంచిది.

లిమరిక్ పెరట్లో కంపోస్టు వేసే తెలుగు కుటుంబం పరాయి దేశపు కొత్త అలవాటును నేర్చుకుంటున్నట్టు పైకి కనిపిస్తుంది. ఆ పద్ధతి వెనక ఇండోర్ గోతులున్నాయి, దాన్ని ఆరోగ్యంతో ముడిపెట్టిన వాదం వెనక కూనూరు ప్రయోగాలున్నాయి. 1931 పుస్తకం మీద రెండు పేర్లున్నాయి, 1926 వ్యాసం మీద రెండు పేర్లున్నాయి. కంపోస్టు చరిత్రను చెప్పేటప్పుడు సాధారణంగా వినిపించేది వాటిలో సగమే. లిమరిక్ కూలీ పేరు అసలే లేదు. అతడి కుప్ప గడపకూ బావికీ మరీ దగ్గరగా ఉంది, దాన్ని పేర్చి వేడెక్కించే పద్ధతి అతడికి ఎవరూ చెప్పలేదు. మిగిలినదంతా అతడు సరిగ్గానే చేశాడు.