తిట్టు లేని ద్వేషాన్ని ఎట్లా లెక్కించాలి?

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించి బయటికి వస్తున్న ప్రణయ్‌ను వెనక నుంచి నరికి చంపారు. అతను దళితుడు, ఆమె వైశ్యుల అమ్మాయి. కిరాయికి చంపించింది ఆమె తండ్రేనని పోలీసులు కేసు పెట్టారు. 2020 మార్చిలో ఆ తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది.

హత్య గురించి చాలామంది రాశారు. నా ప్రశ్న ఆ తర్వాత మొదలైన రెండో హింస గురించి. పక్కనున్న మాడుగులపల్లిలో ఫోను తెరిచినా, అమెరికాలో తెరిచినా తెలుగులో అవే మాటలు. తండ్రిది కన్నప్రేమ, తప్పంతా కూతురిది. ఈ ద్వేషాన్ని పరిశోధించడం ఎట్లా?

ఒక పద్ధతి లెక్కపెట్టడం. 2019 ఎన్నికల కాలంలో 95 మంది మహిళా రాజకీయ నాయకుల పేర్లున్న 1,14,716 ట్వీట్లను ఆమ్నెస్టీ ఇండియా పరిశీలించింది. వాటిలో 13.8 శాతం అభ్యంతరకరంగానో, దూషణగానో ఉన్నాయని 2020లో చెప్పింది. ఈ లెక్క అవసరమే. ‘ఎవరో నలుగురు ఆకతాయిలు’ అని కొట్టిపారేసే వాళ్ళ నోరు మూయిస్తుంది. కానీ అది బహిరంగంగా కనిపించే మాటలనే లెక్కిస్తుంది. 2016 నుంచి వాట్సాప్ సందేశాలు పంపినవాళ్ళకూ అందుకున్నవాళ్ళకూ తప్ప బయటివాళ్ళకు కనిపించవు. అంతకన్నా ముఖ్యం, ‘పాపం ఆ తండ్రి’ అన్న మాటలో తిట్టే లేదు. దూషణల పట్టికలో దాని విలువ సున్నా. ఆ సున్నాలోనే కదా హత్యకు సమర్థన దాక్కుంది!

రెండో పద్ధతి నిజానిజాలు తేల్చడం. ‘ఆస్తి కోసం వల వేశాడు’ అన్న కథను తీసుకోండి. ఇది మిర్యాలగూడలో పుట్టింది కాదు. 2009లో కేరళ, కర్ణాటకల్లో ‘లవ్ జిహాద్’ అన్నారు. 2012లో తమిళనాడు ధర్మపురిలో దళిత వాడలను తగలబెట్టిన రోజుల్లో ‘నాటక ప్రేమ’ అన్నారు. పేర్లు వేరైనా కుట్ర కథ ఒకటే. అది నిలబడాలంటే అమ్మాయికి సొంత బుద్ధి ఉండకూడదు. ఆస్తి సంగతి అబద్ధమని తేల్చినంత మాత్రాన ఈ నమ్మకం చెక్కుచెదరదు.

దీనికి ఫోన్ల కన్నా పాత చరిత్ర ఉంది. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషన్లో రమీజాబీపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. విచారణ పోలీసుల మీద జరగాల్సింది పోయి ఆమె శీలం మీదికి మళ్ళింది. కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, 1981లో రాయచూరు కోర్టు వాళ్ళను వదిలేసింది. అప్పుడు ఇంటర్నెట్ లేదు. ఫోను ఈ నిందకు వేగాన్నిచ్చింది, పుట్టుకనివ్వలేదు.

అందుకే నేను 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ దగ్గరికి వెళ్తాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను దశాబ్దాల తర్వాత కూర్చోబెట్టుకుని విన్న పుస్తకం అది. వాళ్ళలో ఈ ప్రాంతపు మల్లు స్వరాజ్యం కూడా ఉన్నారు. జ్ఞాపకాన్ని అవును, కాదుల సాక్ష్యంగా చూడకుండా, చెప్పిన తీరునూ ఆగిన చోటునూ కూడా చరిత్రగా చదవడం అక్కడ నేర్చుకోవచ్చు.

ఆ పద్ధతిని ఫోను దాకా తేవాలి. సందేశం ఎవరు పంపారు, మీరెవరికి పంపారు, ఎవరికి పంపకుండా ఆగారు, అది చదివాక ఇంట్లో ఆడపిల్ల బయటికి పోవడం గురించి ఏం మాట్లాడుకున్నారు? ఈ జవాబులు ఏ యంత్రానికీ దొరకవు. అత్తా కోడలూ ఒకేచోట కూర్చుంటే మనకూ దొరకవు. విడివిడిగా, తొందర లేకుండా వినాలి.

జాగ్రత్తలూ ఉన్నాయి. ‘ఫలానా కులం టీచరమ్మ’ అని రాస్తే చాలు, పల్లెలో ఆమెవరో అందరికీ తెలిసిపోతుంది. దూషణలను ఉదాహరణల పేరుతో యథాతథంగా అచ్చువేస్తే వాటిని మరోసారి పంచినట్టే. నిందకు గురైన స్త్రీని మళ్ళీ మళ్ళీ చెప్పించడమూ హింసే. ఆమె మాట్లాడదలిస్తే వినాలి, మాట్లాడనంటే ఆ మౌనాన్ని ఖాళీ గడిగా రాసుకోకూడదు.

ద్వేషం ఎంత ఉందో లెక్కలు చెప్పనీ. అది ఎవరి ఇష్టాన్ని చెరిపేస్తోందో అడగడం మాత్రం మన పని.